దారిలో ఆపిన మందులు: సరిహద్దులు దాటిన ట్రేడ్‌మార్కు తగాదా

ఇటీవల భిలాయిలోని వైశాలినగర్‌లో కొందరు తెలుగు సభ్యులు కలిసికొన్న సందర్భంలో, రైల్వేలో గార్డుగా పనిచేసి పదవీ విరమణ చేసిన పెద్దాయన ఒకరు రెండు మాత్రల స్ట్రిప్పులు బల్లపై పెట్టినారు. ఒకటి రైల్వే ఆసుపత్రిలో ఇచ్చినది. దానిపై మందు పేరు, తయారీదారు పేరు తప్ప మరేమీ లేదు. రెండవది బజారులో డబ్బు పెట్టి కొన్నది. దానిపై పెద్ద అక్షరాలతో ఒక ముద్దు పేరు, దాని అడుగున సన్నని అక్షరాలతో మొదటి స్ట్రిప్పు మీది పేరే ఉన్నవి. "ముప్పై ఏళ్ళు బండ్లు నడిపినందుకు ఆసుపత్రిలో మాకు ఇచ్చేది డూప్లికేటా, బాబూ?" అని ఆయన అడిగినారు.

ఆయన ప్రశ్నకు అక్కడికక్కడే సమాధానం చెప్పినాము. కాని ఆ "డూప్లికేటు" అన్న మాట మమ్ములను వదలలేదు. ఆ ఒక్క మాటలో మూడు వేర్వేరు విషయాలు కలిసిపోయి ఉన్నవి. ఒకరి పేరు దొంగిలించి సుద్దపొడికి అంటగట్టి అమ్మడం ఒకటి, అది నేరం. ఎవరి సొత్తూ కాని మందును దాని అసలు పేరుతోనే చట్టబద్ధంగా తయారుచేసి అమ్మడం రెండవది. అదే జెనెరిక్ మందు. పేటెంటు ఇంకా అమలులో ఉన్నదా లేదా అన్న కంపెనీల వ్యాజ్యం మూడవది. ఈ మూడింటినీ ఒకే గోతంలో కుట్టివేయుట సామాన్యుల అజ్ఞానం వలన మాత్రమే జరుగుచున్నది కాదు. దేశాల చట్టాలలోనే ఆ కలగలుపు ప్రవేశించినది. దాని ఫలితంగా మన హైదరాబాదులో తయారైన మందులు, మన దేశపు మాత్రలు, ఐరోపా విమానాశ్రయాలలో వారాల తరబడి నిలిచిపోయినవి. సరుకును గమ్యం చేర్చుటే వృత్తిగా గల రైల్వే, తపాలా ఉద్యోగులు ఈ విషయం తప్పక తెలిసికొనవలసియున్నది.

ముద్ర అంటే ఏమిటో మనకు ఎవరూ నేర్పనవసరం లేదు. భిలాయి ఉక్కు కర్మాగారంలో తయారైన పట్టా నడుము మీద ఉబ్బెత్తు అక్షరాలతో తయారీ సంస్థ గుర్తు, పట్టా రకం, తయారైన నెల, సంవత్సరం పోతపోసినట్లు కనిపించును. కీమన్ ఆ అక్షరాలను ప్రతిదినం చూచుచునే ఉండును. పట్టా చిట్లినప్పుడు అది ఎక్కడిది, ఎప్పటిది అని విచారణ మొదలయ్యేది ఆ అక్షరాల నుండే. తపాలా ముద్ర కూడా అంతే. ఏ ఆఫీసు, ఏ తేదీ అన్నది అందులో ఉన్నది. ఉత్తరం ఆలస్యమైనచో జవాబుదారీ ఎవరో ఆ ముద్రయే చెప్పును. ముద్ర ప్రజల పట్ల బాధ్యతకు గుర్తు. ట్రేడ్‌మార్కు చట్టానికి కూడా న్యాయమైన పునాది ఇదే. ఒకరు తయారుచేసినదానిని మరొకరిదని కొనుగోలుదారు భ్రమపడరాదు. ఇందులో మనకు ఎట్టి పేచీ లేదు.

పేచీ ఎక్కడ వచ్చినదనగా, ఆ బాధ్యత గుర్తు ఆస్తిగా మారి, ఆ ఆస్తికి దేశాల హద్దులు లేకుండా చేయాలన్న ప్రయత్నం మొదలైనప్పుడు. 1883 నాటి పారిస్ ఒప్పందం ప్రకారం ఒక దేశంలో నమోదైన ట్రేడ్‌మార్కు మరొక దేశపు నమోదుతో సంబంధం లేనిది. ఏ దేశపు హక్కు ఆ దేశంలోనే చెల్లును. భారతదేశం ఆ ఒప్పందంలో 1998 డిసెంబరులో చేరినది. మన సుప్రీంకోర్టు కూడా ఈ హద్దు ప్రశ్నను పలుమార్లు విచారించినది. వర్ల్‌పూల్ కేసులో 1996లో, విదేశీ సంస్థ కీర్తి సరిహద్దు దాటి ఇక్కడకు వచ్చియుండవచ్చునని అంగీకరించినది. టయోటా సంస్థ 'ప్రియస్' పేరుపై తెచ్చిన కేసులో 2017 డిసెంబరులో, లోకమంతటా పేరు ఉన్నంత మాత్రాన చాలదు, ఈ దేశపు కొనుగోలుదారులలో ఆ పేరు ఉన్నదని నిరూపించవలెనని తీర్పు చెప్పినది. తేలిన సూత్రం ఒకటే: హక్కు కావలెనన్నచో ఆ మార్కెట్టులో కొనేవాడు ఉండవలెను, అతడు మోసపోయే అవకాశం ఉండవలెను.

ఇక మందుల సంగతి. ప్రతి మందుకూ ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక అంతర్జాతీయ సాధారణ నామం నిర్ణయించును. ఈ పద్ధతికి 1950లో తీర్మానం జరిగినది. మొదటి జాబితా 1953లో వెలువడినది. పారాసిటమాల్, ఆమాక్సిసిలిన్, లోసార్టాన్ ఇటువంటి పేర్లు. బియ్యాన్ని బియ్యమన్నట్లు, ఉప్పును ఉప్పన్నట్లు, వీటిని ఎవరైనా వాడవచ్చును. ఎవరూ సొంతం చేసికొనరాదు. మన 1999 ట్రేడ్‌మార్కుల చట్టం 13వ సెక్షను కూడా ఇట్టి పేర్ల నమోదును నిషేధించుచున్నది. అయితే కంపెనీలు తమ ట్రేడ్‌మార్కును ఆ సాధారణ నామానికి దగ్గరగా, ఒకటి రెండు అక్షరాలు కత్తిరించి పెట్టుకొనుట చాలాకాలంగా ఉన్నది. అట్లు చేయవద్దని ప్రపంచ ఆరోగ్య మహాసభ 1993లో ఒక తీర్మానంలో కోరవలసి వచ్చినది. మొదట సాధారణ నామాన్ని పోలిన పేరు పెట్టుకొనుట, తరువాత ఆ సాధారణ నామమే తన పేరును పోలి ఉన్నదని ఫిర్యాదు చేయుట! ఇల్లు వీధిలోకి జరిపి కట్టి, వీధిన పోయేవాడు తన గడప తొక్కినాడని కేసు పెట్టినట్లున్నది.

ఈ తగాదాలో హైదరాబాదు పేరు పదే పదే వచ్చుటకు చరిత్ర ఉన్నది. సోవియట్ సహకారంతో భిలాయిలో ఉక్కు కర్మాగారం లేచినట్లే, అదే సహకారంతో హైదరాబాదు బాలానగర్‌లో ప్రభుత్వరంగ సంస్థ ఐ.డి.పి.ఎల్. మందుల కర్మాగారం లేచినది. 1970 పేటెంట్ల చట్టం మందులకు వస్తు పేటెంటును తిరస్కరించి, తయారీ పద్ధతికి మాత్రమే పేటెంటును పరిమితం చేసినది. ఆ ప్రభుత్వరంగ కర్మాగారంలో పని నేర్చిన రసాయన శాస్త్రజ్ఞులే తరువాత నగరంలో ప్రైవేటు కంపెనీలు స్థాపించినారు. 1984లో డాక్టర్ రెడ్డీస్ సంస్థను నెలకొల్పిన కల్లం అంజిరెడ్డి గారు వారిలో ఒకరు. తల్లి వంటి ఐ.డి.పి.ఎల్.ను మూసివేయుటకు కేంద్ర మంత్రివర్గం 2016 డిసెంబరులో నిర్ణయించినది. ప్రజాధనంతో పెరిగిన పరిజ్ఞానం ప్రైవేటు లాభమైన ఆ కథ మరొక సంచికలో వ్రాయదగినది. ఈ కంపెనీల యజమానుల పట్ల మనకు ప్రత్యేకమైన ప్రేమ ఏదీ లేదు. వారి మందు తక్కువ ధరకు పేదవానికి చేరుచున్నదా లేదా అన్నదే మన ప్రశ్న.

2008 డిసెంబరులో డాక్టర్ రెడ్డీస్ సంస్థ పంపిన రక్తపోటు మందు లోసార్టాన్ ముడిసరుకు, సుమారు 570 కిలోలు, బ్రెజిల్ వెళ్ళుచు మార్గమధ్యంలో నెదర్లాండ్స్‌లో కస్టమ్స్ వారిచే పట్టుబడినది. భారతదేశంలో ఆ మందుకు పేటెంటు లేదు, బ్రెజిల్‌లోనూ లేదు. నడుమ దిగిన దేశంలో మాత్రం ఉన్నది. 36 రోజులు ఆపి, చివరకు వెనుకకు పంపినారు. ఇంచుమించు అదే కాలంలో హైదరాబాదులోని అరబిందో సంస్థ తయారుచేసిన అబకావిర్ మాత్రలు నైజీరియా వెళ్ళుచు ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆగినవి. అవి హెచ్.ఐ.వి. రోగులకై యూనిటెయిడ్ అను అంతర్జాతీయ సంస్థ నిధులతో కొన్న మందులు. 2008లో నెదర్లాండ్స్‌లో ఇట్లు పట్టుబడిన మందుల సరుకులు పదిహేడు కాగా, పదహారు మన దేశం నుండి బయలుదేరినవే.

అవి ముఖ్యంగా పేటెంటు పేరిట జరిగినవి. అచ్చమైన ట్రేడ్‌మార్కు తగాదా 2009 మే నెలలో జర్మనీలో జరిగినది. మన దేశంలో తయారైన ఆమాక్సిసిలిన్, సుమారు 30 లక్షల మాత్రలు, పసిఫిక్ మహాసముద్రంలోని వనువాటు అను చిన్న ద్వీప దేశానికి వెళ్ళుచు ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయంలో దిగినవి. 76 వేల మంది రోగులకు ఒక్కొక్క విడత వైద్యానికి సరిపడు మందు అది. ఆమాక్సిసిలిన్ సాధారణ నామం. గ్లాక్సో స్మిత్‌క్లైన్ సంస్థకు 'ఆమాక్సిల్' అను ట్రేడ్‌మార్కు ఉన్నది. పెట్టెలపై పేరు చూచిన కస్టమ్స్ అధికారికి రెండూ ఒకేలా వినిపించినవి. ట్రేడ్‌మార్కు ఉల్లంఘన అనుమానంతో సరుకు నిలిపివేసినారు. చివరకు ఆ కంపెనీయే, ఇది సాధారణ నామం, ఇందులో ఉల్లంఘన లేదని చెప్పిన పిదప సరుకు కదిలినది. నాలుగు వారాలు గడిచిపోయినవి. ఆ నాలుగు వారాలకు ఎవరు జవాబుదారీ? కంపెనీ ఫిర్యాదు చేయలేదు. అధికారి చట్టం ప్రకారమే నడిచినానని చెప్పగలడు. ఆమాక్సిసిలిన్ చంటిపిల్లల ఊపిరితిత్తుల జబ్బుకు వాడే మందు; జబ్బుపడిన పిల్లవాడు నాలుగు వారాలు ఆగలేడు.

ఈ ఘటనలలోని అన్యాయం మన వృత్తివారికి తెలిసినంతగా న్యాయవాదులకైనా తెలియదు. సీలు వేసిన వ్యాగను చరోదా యార్డుకు వచ్చినదనుకొందము. అది విజయనగరం లైనుమీదుగా విశాఖ రేవుకు పోవలసినది. యార్డులో పనిచేసేవారు సీలు సరిగా ఉన్నదా, ఇరుసు వేడెక్కినదా, కాగితాలు ఉన్నవా అని చూతురు. లోపలి సరుకు పేరు ఈ ఊరి దుకాణం వాని పేరును పోలి ఉన్నది కనుక ఇక్కడే ఆపివేయుదమని ఏ యార్డు మాస్టరూ అనడు. ఆర్.ఎం.ఎస్.లో మూసిన సంచి ఒక సెక్షను చేతి నుండి మరొక సెక్షను చేతికి పోవునే గాని నడుమ విప్పబడదు. ఇది కేవలం మన అలవాటు కాదు, అంతర్జాతీయ నియమం. 1874లో బెర్న్ నగరంలో పుట్టిన తపాలా సమాఖ్య సభ్యదేశాల మీదుగా పోవు తపాలాకు దారి స్వేచ్ఛను హామీ ఇచ్చినది. మన దేశం అందులో 1876 నుండి ఉన్నది. సరుకులకు అదే హామీని 1947 నాటి గాట్ ఒప్పందం అయిదవ అధికరణం ఇచ్చినది. పారిస్ ఒప్పందం కూడా దారిలో పోవు సరుకును జప్తు చేయవలసిన పని అధికారులకు లేదన్నది.

1995లో అమలులోకి వచ్చిన ట్రిప్స్ ఒప్పందాన్ని మన కార్మిక సంఘాలు ఎంతగానో విమర్శించినవి, న్యాయంగానే. అయినను ఆ ట్రిప్స్ సైతం ఇంత దూరం పోలేదు. ట్రేడ్‌మార్కు దొంగిలించిన నకిలీ సరుకును దిగుమతి వద్ద ఆపుటకు ఏర్పాటు ఉండవలెనన్నది. దారిలో పోవు సరుకుకు ఆ బాధ్యత లేదని అధోజ్ఞాపికలో స్పష్టం చేసినది. నకిలీ ఏది అన్నది దిగుమతి చేసికొను దేశపు చట్టాన్ని బట్టి చూడవలెనన్నది. వనువాటు వెళ్ళే మాత్రలు నకిలీ అవునో కాదో వనువాటు చట్టం చెప్పవలెను. ఫ్రాంక్‌ఫర్ట్ కస్టమ్స్ చెప్పుటకు వీలులేదు. ఐరోపా సంఘం తన 2003 నాటి కస్టమ్స్ నిబంధనలతో, ట్రిప్స్ అడిగినదానికి మించి తానే అదనంగా పట్టుకొన్నది.

భారత ప్రభుత్వం 2010 మే 11న ప్రపంచ వాణిజ్య సంస్థలో ఐరోపా సంఘంపైన, నెదర్లాండ్స్‌పైన సంప్రదింపుల కొరకు ఫిర్యాదు చేసినది. మరునాడు బ్రెజిల్ కూడా చేసినది. ప్రభుత్వాల తప్పులను ఎత్తిచూపుటలో మనము ఏనాడూ వెనుకాడలేదు. ఈ పని మాత్రం మంచిదని ఒప్పుకొనవలెను. అయితే వ్యాజ్యం తీర్పు దాకా పోలేదు. 2011 జూలైలో ఇరుపక్షాల నడుమ ఒక అవగాహన కుదిరినది. ఐరోపా మార్కెట్టులోకి మళ్ళే ప్రమాదం ఉన్నదని రుజువు లేనిదే దారిలోని జెనెరిక్ మందులను ఆపరాదన్నది దాని సారాంశం. ఐరోపా కస్టమ్స్ నిబంధన 2013లో మారినది. రాజీతో ఊపిరి తీసికొన్నాము కాని, కాగితంపై తీర్పు మిగలలేదు. తీర్పు లేనిచోట వివాదం మరల తలయెత్తును. సమ్మె నోటీసు ఇచ్చి, వ్రాతపూర్వక ఒప్పందం లేకుండా నోటిమాట మీద విరమించిన అనుభవం గల శాఖలకు ఈ సంగతి చెప్పనక్కరలేదు.

తలయెత్తినది కూడా. 2011 డిసెంబరు 1న ఐరోపా న్యాయస్థానం ఫిలిప్స్, నోకియా కేసులలో ఒక మంచి తీర్పు చెప్పినది. నోకియా కేసులో హాంకాంగ్ నుండి కొలంబియా వెళ్ళుచున్న సెల్‌ఫోన్లను లండన్‌లో ఆపినారు. అవి నిజంగానే దొంగ ముద్ర వేసిన ఫోన్లు. అయినప్పటికీ, ఐరోపాలో అమ్మకానికి ఉద్దేశింపబడినవని చూపనిదే దారిలో ఉన్నంత మాత్రాన వాటిని అక్కడి ట్రేడ్‌మార్కు ఉల్లంఘనగా పరిగణించరాదని కోర్టు చెప్పినది. దీనిపై పెద్ద కంపెనీలు గగ్గోలు పెట్టినవి. వారి వాదనలో నిజం బొత్తిగా లేదనుట మా ఉద్దేశం కాదు. కళ్ళ ఎదుట దొంగ సరుకు పోవుచుండగా చేతులు కట్టుకొని చూడవలెనా అన్నది సులభంగా కొట్టివేయదగిన ప్రశ్న కాదు. కాని దానికి వారు సాధించిన పరిష్కారం చూడండి. 2015లో చేసి 2016లో అమలుకు తెచ్చిన చట్ట సవరణతో, తన ట్రేడ్‌మార్కుతో అభేదమైన గుర్తు గల సరుకు ఐరోపా గుండా పోవుచున్నను ఆపించే హక్కు యజమానికి వచ్చినది. గమ్యదేశంలో ఆ యజమానికి అట్టి హక్కు లేదని నిరూపించే భారం సరుకు పంపినవానిపై పడినది. ఆరోపించినవాడు నిరూపించవలెనన్న ధర్మం తలక్రిందులైనది. క్రమశిక్షణ చర్యలలో ఛార్జిషీటు ఇచ్చి, నిర్దోషివని నీవే నిరూపించుకొమ్మను అధికారులను మనము చూచియున్నాము.

ఆ సవరణ పీఠికలో జెనెరిక్ మందుల రవాణా సాఫీగా సాగవలెననియు, సాధారణ నామానికి ట్రేడ్‌మార్కుకు గల పోలికను సాకుగా చూపి ఆపరాదనియు వ్రాసినారు. వనువాటు మాత్రల అల్లరి ఫలితంగానే ఆ వాక్యాలు చేరినవని మా నమ్మకం. పోరాడినవారి ఖాతాలో దీనిని వ్రాయవలెను. కాని పీఠికలో వ్రాసినది వేరు, అధికరణంలో వ్రాసినది వేరు. బోనసు చట్టం మొదలు పెన్షను నిబంధనల వరకు ఈ తేడా వలన మనము ఎన్నిమార్లు నష్టపోయినామో సభ్యులకు తెలియును.

ఈ కలగలుపు ఐరోపాతో ఆగలేదు. కెన్యా 2008లో నకిలీల నిరోధక చట్టం చేసినది. అందులో నకిలీ అన్న పదాన్ని ఎంత వెడల్పుగా నిర్వచించినారనగా, చట్టబద్ధమైన జెనెరిక్ మందు కూడా అందులో పడిపోవును. హెచ్.ఐ.వి.తో జీవించుచున్న ముగ్గురు సామాన్యులు కోర్టుకెక్కినారు. 2012 ఏప్రిల్ 20న నైరోబీ హైకోర్టు, ప్రాణం నిలుపుకొను హక్కు ట్రేడ్‌మార్కు, పేటెంటు హక్కుల కంటె ముందుదని భావించి ఆ సెక్షనులు రాజ్యాంగానికి విరుద్ధమన్నది. ఆ రోగులలో చాలమంది వాడు మందులు మన దేశంలో తయారైనవే. వారు గెలిచిన కేసు మన కేసు కూడా.

ఇక్కడ మన పక్షపు లోపాలను దాచరాదు. 2022 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంలో తయారైన నాలుగు దగ్గు సిరప్పులపై హెచ్చరిక జారీచేసినది. గాంబియాలో పదుల సంఖ్యలో పసిపిల్లల మరణాలకు అవి కారణమై యుండవచ్చునన్నది. ఆ సీసాలపై ఎవరి ట్రేడ్‌మార్కూ దొంగిలింపబడలేదు. తయారీదారు తన సొంత పేరే వేసికొన్నాడు. ట్రేడ్‌మార్కు చట్టం దృష్టిలో అవి అసలైన సరుకు! వనువాటు మాత్రలు ఆగినవి, విషపు సిరప్పు సాగిపోయినది. మందు మంచిదో కాదో తేల్చవలసినది డ్రగ్ ఇన్‌స్పెక్టరు, పరీక్షశాల. ఆ ఉద్యోగాలు ఖాళీగా ఉంచి, పరీక్షశాలలను ఎండగట్టి, ట్రేడ్‌మార్కు కాపలాతో ప్రజారోగ్యం రక్షించుచున్నామనుట ఆత్మవంచన. నకిలీ మందులపై పోరాటాన్ని కార్మికులు బలపరచవలెను; ఆ పోరాటం పేరిట జెనెరిక్ మందులను కొట్టుటను ఎదిరించవలెను.

ముద్ర పేరుతో ఆగక రంగుకు కూడా ప్రాకినదని ఒక మాట. 2015 నవంబరులో అమెరికాలోని డెలావేర్ ఫెడరల్ కోర్టు, ఆస్ట్రాజెనెకా సంస్థ కోరికపై, డాక్టర్ రెడ్డీస్ వారి కడుపుమంట మందు గొట్టాల అమ్మకాన్ని నిలిపినది. కారణం ఆ గొట్టాల ఊదారంగు. మందుపై కాదు, రంగుపై తగాదా. కంపెనీకి రంగు ప్రకటన సాధనం. చదువురాని ముసలమ్మకు అదే మందును గుర్తుపట్టే ఆధారం. నిన్న ఊదా, నేడు తెలుపు అన్నచో రెండూ మ్రింగును, లేదా రెండూ మానును. న్యాయస్థానాలలో ఆమె పక్షాన వకీలు లేడు.

ఇప్పుడు ఇదంతా ఎందుకు వ్రాయుచున్నామనగా, బేరసారాలు మరల వ్యాపార ఒప్పందాల బల్లపైకి చేరినవి. ఐరోపా సంఘంతో 2007లో మొదలై 2013లో ఆగిన చర్చలను 2022లో తిరిగి ప్రారంభించినారు. స్విట్జర్లాండ్ తదితర నాలుగు దేశాల కూటమితో 2024 మార్చిలోను, బ్రిటన్‌తో 2025 జూలైలోను ఒప్పందాలపై సంతకాలు జరిగినవి. ఇట్టి ఒప్పందాలలో మేధా సంపత్తి అధ్యాయం ఒకటి ఉండును. సుంకాల తగ్గింపు గురించి పత్రికలు వ్రాయును. సరిహద్దు చర్యల గురించి ఒక్క వాక్యం ఎక్కడో మూలన ఉండును. ఆ వాక్యంలో "దిగుమతి" అన్న మాట ప్రక్కన "ఎగుమతి", "మార్గమధ్య రవాణా" అన్న మాటలు చేరినచో కథ మొదటికి వచ్చును. మన దేశపు 2007 కస్టమ్స్ నిబంధనలు దిగుమతి సరుకులకే పరిమితమైనవి. 2018లో వాటి నుండి పేటెంట్లను తొలగించినారు కూడా. ఆ హద్దును ఏ ఒప్పందం కొరకూ చెరపరాదు. సంతకానికి ముందే ఇట్టి అధ్యాయాలను పార్లమెంటు ముందుంచవలెననియు, ఆరోపణ తప్పని తేలినచో జాప్యానికి నష్టపరిహారం ఫిర్యాది చెల్లించు నియమం ఉండవలెననియు మన ఫెడరేషన్ కోరుచున్నది. విదేశీ పార్సిళ్ళు చూచు తపాలా ఉద్యోగులను ట్రేడ్‌మార్కు న్యాయమూర్తులుగా మార్చి, పొరపాటు జరిగినప్పుడు వారినే బలిచేయు పద్ధతిని ముందే అడ్డుకొనవలెను.

వైశాలినగర్ పెద్దాయనకు మేము ఇచ్చిన సమాధానం ఇది. రెండు స్ట్రిప్పులనూ త్రిప్పి వెనుక చదివినాము. రెండింటిపైనా మందు సాధారణ నామం, మోతాదు ఒకటే. తయారీదారు పేరు, లైసెన్సు నంబరు, బ్యాచి నంబరు, గడువు తేదీ రెండింటిపైనా ఉన్నవి. ధరలో మాత్రం చాలా తేడా ఉన్నది. ఆసుపత్రి స్ట్రిప్పు డూప్లికేటు కాదని చెప్పినాము. ఆయన కళ్ళద్దాలు సవరించుకొని, బ్యాచి నంబరును చేతిపుస్తకంలో వ్రాసికొన్నారు, గార్డుగారి అలవాటు. రైల్వే ఆసుపత్రులలోను, కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం వైద్యశాలలలోను జెనెరిక్ మందు లభించక, లేదా డాక్టరు బ్రాండు పేరే వ్రాసినందున బజారులో కొనవలసి వచ్చిన సభ్యులు, పెన్షనర్లు ఆ చీటీల నకళ్ళను తమ శాఖా కార్యదర్శులకు అందజేయవలసిందిగా కోరుచున్నాము. శాఖలు వాటిని మందు సాధారణ నామం వారీగా విడదీసి కేంద్ర కార్యాలయానికి పంపవలెను.